ఆగమమా, ఆదేశమా?



చాలకాలానికి టపా వ్రాస్తున్నాను. కూడలి రోజులలో ఒకరి వ్రాతలను ఒకరు వెదకి చదువుకొన్న పాతకాపులలో ఎవరైనా ఇటు తొంగిచూస్తే, ముసలివానికి కోపం ఇంకా తగ్గలేదని నవ్వుకొందురు గాక. ఈ టపా కోపంతో వ్రాస్తున్నదే.

కోపానికి కారణాలు రెండు. మొదటిది: 2016లో కొన్న నా ల్యాప్‌టాప్‌ను కీలకఫలకం మార్పించడానికి ఒక మరమ్మతు దుకాణానికి తీసికొని పోయాను. అక్కడి పిల్లవాడు దానిని త్రిప్పి చూచి, "ఇగ దీని పనైపోయింది సార్. పదకొండు ఎక్కదు దీన్ల. పక్కకు పెట్టి కొత్తది కొనుండ్రి" అన్నాడు. రెండవది: సంగతి విన్న ఒక పాత బ్లాగుమిత్రుడు నాకు ఉత్తరం వ్రాస్తూ, "పండితులవారూ, ఇంకా ఆ విండోసును పట్టుకొని వ్రేలాడుతున్నారా? ఈ రాత్రికే దానిని తుడిచిపారేసి లినక్సు వేసికొనండి, విముక్తులవుతారు" అని ఉపదేశించాడు.

ఒకరు యంత్రాన్ని పారవేయమంటారు, మరొకరు యంత్రంలోనిదానిని పారవేయమంటారు. ఇద్దరూ ఒకరికొకరు విరోధులమని అనుకొంటారు కాని ఇద్దరిదీ ఒకే బుద్ధి. క్రొత్తది రావాలంటే పాతది పోవలసిందే అనే బుద్ధి. దానిని ఖండించడమే ఈ టపా పని.

ముప్పై నాలుగేండ్లు తెలుగు చెప్పినవాణ్ణి కనుక వ్యాకరణంతోనే మొదలుపెడతాను, మన్నించండి. ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది అని పిల్లలకు చెప్పేవాళ్ళము. 'మా' ప్రక్కన 'అమ్మ' వచ్చినప్పుడు నడుమ యకారం చేరి 'మాయమ్మ' అవుతుంది. అక్కడ ఎవరూ చోటు ఖాళీ చేయలేదు. వచ్చిన యకారం రెండు అచ్చుల నడుమ మర్యాదగా కూర్చొన్నది. 'కూర', 'కాయ' కలిసినప్పుడు మాత్రం కకారాన్ని లేపి గకారం దాని పీట మీద కూర్చుంటుంది. 'కూరగాయ' అయింది, కకారం అడ్రసు లేదు. మొదటిది ఆగమం, రెండవది ఆదేశం.

ఒక కంప్యూటరులో రెండవ నిర్వహణ వ్యవస్థను పెట్టుకోవడమంటే అచ్చంగా ఈ ప్రశ్నే. ఉబుంటు వంటి దానిని స్థాపించేటప్పుడు తెర మీద రెండు దారులు కనబడతాయి. ఉన్న విండోసు ప్రక్కన చేరడం ఒకటి, డిస్కునంతా తుడిచి చేరడం రెండవది. ఆ రెండు వరుసల నడుమ ఉన్న దూరం వ్రేలెడు కూడా లేదు. తప్పు వరుస మీద నొక్కితే మాత్రం పోయేది తిరిగి రాదు.

పోయినదానిని చూచినవాణ్ణి కనుక చెబుతున్నాను.

నాకు పండిత శిక్షణలో పాఠం చెప్పిన గురువుగారు మా మోత్కూరు చుట్టుప్రక్కల పల్లెలలోని మాటలను ముప్పై ఏండ్లపాటు ఏరుకొన్నారు. మోట బావి దగ్గర, కల్లంలో, మగ్గం గుంట ప్రక్కన కూర్చొని, ఎవరు ఏ పనిముట్టును ఏమంటారో అడిగి వ్రాసికొన్నారు. గొర్రు, గుంటుక, దంతె అన్నవి రైతువి. పడుగు, పేక, కండె, నాడె, ఆసు అన్నవి సాలెవారివి. ఆసు పోయడమంటే ఒక చీరకు వేలసార్లు చేయి అటూయిటూ ఆడించడమని, ఆ చేయి నొప్పికి కూడ ఇంటింటా ఒక పేరుందని ఆయన వ్రాసికొన్నారు. (అదే నొప్పిని తల్లి చేతిలో చూచి మా ఆలేరు ప్రక్క శారాజీపేట వాసి చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకొన్నాడు. ఇప్పుడు నొప్పి పోయింది, సంతోషమే. దానితో ఆ మాటలూ పోతున్నాయి.)

2006లో ఆ వ్రాతప్రతిని ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించారు. అచ్చు వేయించడానికి డబ్బు కుదరలేదు. 2011లో గురువుగారు పోయారు. డీటీపీ కేంద్రం మూతపడింది. వ్రాతప్రతిని చెదలు తిన్నవి. మిగిలినవి రెండే: ఒక సీడీ, గురువుగారి ఇంటిలోని ఒక పాత కంప్యూటరు. 2019లో ఆ కంప్యూటరు మెల్లగా నడుస్తున్నదని వారి అమ్మాయి నాకు చెబితే, నేనే పెద్దమనిషి తరహాగా, ఒక దుకాణానికి పంపి "దీనిలో లినక్సు కూడ వేయండి" అన్నాను. 'కూడ' అన్న అవ్యయాన్ని నేను పలికాను, వారు వినలేదు. డిస్కంతా తుడిచి క్రొత్తది వేసి ఇచ్చారు. ఆగమం అడిగితే ఆదేశం చేశారు. దుకాణంవారిని అని లాభం లేదు, ముందుగా ఒక నకలు తీసిపెట్టుకోని తప్పు నాది. పిల్లలకు ప్రతి పరీక్షలో 'సముచ్చయార్థకం' వ్రాయించినవాణ్ణి నేను, ఆ ఒక్క 'కూడ'ను కాగితం మీద వ్రాసి అంటించలేకపోయాను.

ఇక మిగిలింది సీడీ. ఆమె దానిని నా చేతిలో పెట్టి, "అన్నా, నాయిన మాటలు ఇందులనే ఉన్నయి" అన్నది. నిరుడు దానిని నా యంత్రంలో పెట్టి తెరిచాను. తెరుచుకొంటే కదా! అందులోవి పేజ్‌మేకర్ దస్త్రాలు, అను ఫాంట్లలో కూర్చినవి. ఒక దస్త్రాన్ని ఎట్లాగో బలవంతంగా తెరిస్తే రోమను లిపి ముక్కలూ, టోపీలు పెట్టుకొన్న అచ్చులూ, పౌను గుర్తులూ కనబడ్డాయి. 'గుంటుక' ఎక్కడ ఉన్నదో, 'నాడె' ఎక్కడ ఉన్నదో దేవుడికి తెలియాలి.

ఇది మా గురువుగారి ఒక్కరి కథ కాదు. మీ ఇండ్లలో, మీ ప్రచురణకర్తల బీరువాలలో ఇటువంటి సీడీలు ఎన్ని ఉన్నవో లెక్కించుకోండి. 1991లోనే యూనికోడు తెలుగుకు 0సీ00 మొదలు 0సీ7ఎఫ్ దాకా తన పట్టికలో చోటిచ్చింది. అయినా మన అచ్చు ప్రపంచం ఆ తరువాత దశాబ్దాలపాటు రోమను అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను దాచి పని గడుపుకొన్నది. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, వత్తు మరొక చోట. తెర మీద తెలుగు, లోపల తెలుగు కాదు. ఆ ఫాంటు లేని యంత్రంలో అది బూడిద. పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0 వచ్చినది 2001లో, దానికి యూనికోడు రాదు. ఆ కూర్పుతోనే తెలుగు పుస్తకాలు ఏండ్ల తరబడి వెలువడినవి. అంటే ఒక పాతికేండ్ల తెలుగు వాఙ్మయం, ఎప్పుడో ఆగిపోయిన ఒక ఉపకరణానికి, అది నడిచే పాత విండోసుకు తాకట్టు పడి ఉన్నది.

ఇప్పుడు చెప్పండి, "విండోసును తుడిచిపారేయండి" అన్న మిత్రుడు నాకు ఇచ్చేది విముక్తియా? తాకట్టు విడిపించకముందే దస్తావేజును కాల్చివేయడం కాదా?

మరమ్మతు దుకాణపు పిల్లవాడి మాటకూ ఇదే జవాబు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. 11కు టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం కావాలి, ప్రాసెసరు కూడ వారి జాబితాలో ఉండాలి. నా ల్యాప్‌టాప్‌కు ఆ అర్హత లేదు. అర్హత లేనిది ఆ వ్యవస్థకు, పనికి కాదు. నా కంటె నాలుగు పదుల ఏండ్లు చిన్నవాడు, "పనైపోయింది" అన్నాడు. పదవీ విరమణ చేసినవాని ముందు ఆ మాట అనేటప్పుడు కొంచెం చూచుకోవాలి!

సరే, నేను ఏమి చేశానో చెబుతాను. ఇంతకంటె బాగా చేయగలవారు మీలో ఉన్నారు, నవ్వకండి.

ముందు ఏమీ తుడవకుండా, ఏమీ స్థాపించకుండా, ఒక పెన్‌డ్రైవు నుండి లినక్సును నడిపి చూచాను. పూర్వం మనమంతా ఉబుంటువారు ఉచితంగా టపాలో పంపే సీడీల కోసం ఎదురుచూచేవాళ్ళము (2011లో ఆపివేశారు). ఆ సీడీతో నడిపి చూచినట్లే ఇదీ. వ్యవస్థ అంతా జ్ఞాపకశక్తిలో నడుస్తుంది, డిస్కు జోలికి పోదు. పెండ్లిచూపుల వంటిది. వైఫై పట్టుకొన్నది, ధ్వని వచ్చింది, తెలుగు అక్షరాలు తెర మీద విరగకుండా నిలబడ్డవి. ఒకప్పుడు ఎక్స్‌పీలో తెలుగు చదవడానికి ఆ సీడీని మళ్ళీ పెట్టి సంక్లిష్ట లిపుల దస్త్రాలను విడిగా ఎక్కించవలసి వచ్చిన రోజులు మీకు జ్ఞాపకమున్నవా? అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు చూచి, "నీ బ్లాగులో అన్నీ కిటికీలే ఉన్నాయేమిటి" అని ఎవరో అడిగినది నాకు గుర్తున్నది. ఈనాడు ఆ బాధ లేదు.

తరువాత డిస్కును పంచాను. ముఖ్యమైన దస్త్రాలన్నిటికీ బయటి డిస్కులో నకలు తీసిన తరువాతనే. (2019 నేర్పిన పాఠం.) విండోసు ఆక్రమించిన భాగాన్ని విండోసు ఉపకరణంతోనే కుదించి, మిగిలిన ఖాళీలో లినక్సును ప్రక్కన కూర్చోబెట్టాను. యంత్రం వెలిగించగానే గ్రబ్ అనే ద్వారపాలకుడు "ఎవరిని పిలువమంటారు?" అని అడుగుతాడు. అన్నదమ్ముల పంపకం కదా, తగవులు లేకుండా ఉంటుందా! రెండు తగవులు వచ్చినవి. విండోసులో వేగప్రారంభం అనేది ఒకటి ఉన్నది. దానిని ఆపకపోతే విండోసు నిజంగా నిద్రపోదు, కన్ను మూసినట్లు నటిస్తుంది. అప్పుడు దాని భాగంలోని దస్త్రాలను లినక్సు చదవనిస్తుంది కాని ముట్టనీయదు. రెండవ తగవు గడియారానిది. యంత్రంలోని గడియారం స్థానిక కాలమని విండోసు నమ్మకం, సార్వత్రిక కాలమని లినక్సు నమ్మకం. లినక్సులో పని చేసి విండోసులోకి పోతే కాలం ఐదున్నర గంటలు వెనుకకు పోతుంది. ఉదయం పది గంటలకు తెర మీద నాలుగున్నర, బ్రాహ్మీముహూర్తం! రాహుకాలం తప్పించుకోవడానికి ఇంతకంటె సులభోపాయం పంచాంగకర్తలకు కూడ తెలియదు. లినక్సును స్థానిక కాలం పాటించమని ఒక్క ఆజ్ఞ ఇస్తే ఈ తగవు తీరిపోయింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉన్నవారు మాత్రం ఆ తాళపు సంఖ్యను ముందుగా కాగితం మీద వ్రాసికొనకుండా ఈ పంపకానికి దిగవద్దు.

ఇంతవరకు ఇది అందరూ చేసేదే. నా అసలు వాదం దీని తరువాతిది.

గురువుగారి దస్త్రాలు తెరవడానికి నాకు కావలసినది పాత విండోసు. దానిని మళ్ళీ డిస్కు మీద స్థాపించి జాలానికి కలపడం వివేకం కాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ముగిసింది, ఆ తరువాత దానిని జాలంలో త్రిప్పడం తలుపులు లేని ఇంటిలో నిద్రించడమే. అందుచేత లినక్సులో వర్చువల్‌బాక్స్ పెట్టి, దానిలో ఒక ఊహాయంత్రాన్ని కల్పించి, ఒకప్పుడు పెట్టెతో సహా కొని దాచుకొన్న ఎక్స్‌పీ సీడీతో అందులో పాత విండోసును కూర్చోబెట్టాను. దానికి జాలపు తీగ ఇవ్వలేదు. అది తానొక పూర్తి కంప్యూటరులో ఉన్నానని అనుకొంటూ, ఒక చిన్న కిటికీలో నడుస్తూ ఉంటుంది. పేజ్‌మేకరు ఎక్కింది, అను ఫాంట్లు ఎక్కినవి. దస్త్రం తెరిచాను. తెర మీద 'అంకె' అన్న మొదటి పదం కనబడింది. పశువుల మెడలో కట్టే దానికి మా ప్రక్క పేరు అని గురువుగారి వివరణ. ఆ రాత్రి నేను భోజనానికి లేవలేదని మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ ఏర్పాటులో బయటి వ్యవస్థను ఆతిథేయి అని, లోపలిదానిని అతిథి అని అంటారు. ఈ పేర్లు పెట్టినవాడు ఎవరో కాని మంచి మర్యాద తెలిసినవాడు. నా వాదమంతా ఈ రెండు మాటలలోనే ఉన్నది. రెండు వ్యవస్థలు ఉండడం తప్పు కాదు, ఇంటివాడెవరు, అతిథి ఎవరు అన్నది తేల్చుకోవాలి.

మా నాయన నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. బడిలో ఉర్దూ, ఇంటిలో తెలుగు. లెక్కలు ఉర్దూలో వేసేవాడు, భాగవత పద్యాలు తెలుగులో చదివేవాడు. ఒకటి రెండవదానిని తుడిచివేయలేదు. చివరిదాకా ఆయన ఉత్తరాలలో రెంటి సొగసూ ఉండేది. ఉర్దూ మీద ఆయనకు కోపం లేదు, నాకూ లేదు. ఆనాటి అన్యాయం ఉర్దూ ఉండడం కాదు, ఊరి జనం మాట్లాడే తెలుగు బడిలో అతిథిగా నిలబడవలసి రావడం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వేసి చూపవలసి వచ్చినదంటే, ఇంటివాడు తాను ఇంటివాడినేనని ఋజువులు చూపవలసి వచ్చినదన్న మాట!

కంప్యూటరులో కూడ నాకు అదే కావాలి. లోపల ఏమున్నదో చూడడానికి, మార్చడానికి, పొరుగువానికి పంచడానికి హక్కు ఇచ్చే వ్యవస్థ ఇంటివాడుగా ఉండాలి. గడువు తేదీ తన చేతిలో పెట్టుకొన్న వ్యవస్థ అతిథిగా ఉండాలి. అతిథిని గెంటివేయనక్కరలేదు. ఇంటి తాళంచెవులు ఇవ్వనక్కరలేదు.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. "ఇప్పుడు విండోసులోనే లినక్సు నడుస్తున్నది కదా, 2016 నుండి వారే ఇస్తున్నారు కదా, ఇంత తంటా ఎందుకు?" అంటారు. అది ప్రోగ్రాములు వ్రాసేవారికి చక్కని సౌకర్యమే, కాదనను. అక్కడ ఇంటివాడెవరు? విండోసు. దాని గడువు ముగిస్తే అతిథి కూడ వీధిలో పడతాడు. నా 2016 యంత్రానికి అది జవాబు కాదు.

"ఊహాయంత్రం నెమ్మదిగా నడుస్తుంది" అంటారు. నిజమే. ఉన్న జ్ఞాపకశక్తిని ఇద్దరూ పంచుకోవాలి కదా. నేను ఉన్న 4 జీబీని 8 చేయించాను, పాత డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టించాను. క్రొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగంతో పని జరిగింది. ఎక్స్‌పీ వంటి మితాహారికి ఒక్క జీబీ ఇచ్చినా తృప్తిగా త్రేనుస్తుంది.

"ఫోను ఉండగా ఇవన్నీ ఎందుకు?" అనేవారికి నా దగ్గర జవాబు లేదు. ఫోనులో ఆరువందల పుటల నిఘంటువుకు ప్రూఫులు దిద్దినవారు ఎవరైనా ఉంటే వచ్చి నాకు పాఠం చెప్పవచ్చు.

ఇక నా లినక్సు మిత్రులకు ఒక మాట. 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ మొదలై తెలుగులో మాట్లాడే నిర్వహణ వ్యవస్థ కోసం యువకులు పాటుపడ్డారు. మెనూలలోని ఒక్కొక్క మాటకు తెలుగు వెదకిన ఆ శ్రమ నాకు తెలుసు, గౌరవం ఉన్నది. 'సేవ్' అన్నదానికి 'భద్రపరచు' అనాలా 'దాచు' అనాలా అని మనమందరం గుంపులలో రాత్రులు వాదించుకోలేదా? అయితే విండోసు వాడేవానిని పాపిలాగా చూడడం మానండి. వాడు దానిని ప్రేమించి వాడటం లేదు. వాని తాత వ్రాసిన శతకమో, వాని సంఘం లెక్కలో, వాని పంచాయతీ పత్రాలో దానిలో ఇరుక్కొని ఉన్నవి. వాటిని బయటికి తీసే దారి చూపకుండా "తుడువు" అంటే వాడు మీ గుమ్మం త్రొక్కడు. కేరళలో ఐటీ ఎట్ స్కూల్ పథకం 2001లో ఆరంభమై, కొన్ని ఏండ్లలో ప్రభుత్వ బడుల కంప్యూటరు చదువునంతటినీ స్వేచ్ఛా సాఫ్టువేరుకు మార్చింది. తిట్టి మార్చలేదు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి మార్చింది. నేను పని చేసిన బడులలో కంప్యూటరు గదికి తాళమే ఎక్కువగా చూచాను. ఆ గదులలోని పాత యంత్రాలు తేలికపాటి లినక్సుతో మరికొన్ని ఏండ్లు పిల్లలకు పనికివచ్చేవి. తుక్కు క్రింద పోయినవి.

డీటీపీ చేసేవారికి, ప్రచురణకర్తలకు చెప్పవలసినది ఇంకా ఘాటుగా ఉన్నది. మీ పుస్తకానికి డబ్బు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే తీసికొని ఊరుకోకండి. యూనికోడు పాఠ్యం కావాలని అడగండి, ఇస్తేనే చివరి వాయిదా ఇవ్వండి. పాతికేండ్ల తరువాత మీ అమ్మాయి ఎవరి గుమ్మం ముందో సీడీ పట్టుకొని నిలబడకూడదంటే వేరే ఉపాయం లేదు.

గురువుగారి దస్త్రాలు అయిదింటిలో నాలుగు తెరుచుకొన్నవి. అయిదవది సీడీ గీతల వల్ల పాడయింది, అందులో 'ల' నుండి 'హ' వరకు ఉన్నవి. తెరుచుకొన్న నాలుగింటినీ అతిథి గదిలో తెరిచి, పాఠ్యాన్ని ఉమ్మడి సంచి ద్వారా ఇటు తెచ్చి, యూనికోడుకు మార్చి, దిద్దుతున్నాను. మార్పిడిలో వత్తులు తారుమారవుతున్నవి, సున్నలు మాయమవుతున్నవి, కనుక ప్రతి పుటనూ అటు చూస్తూ ఇటు దిద్దవలసినదే. ఇప్పటికి 'త' వరకు వచ్చాను. అయిదవ భాగం కోసం మగ్గాల ఇండ్లకు మళ్ళీ తిరుగుతున్నాను, గురువుగారికి చెప్పిన ముసలివాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారు. గీతలు పడ్డ సీడీ నుండి దస్త్రాలు రాబట్టడం తెలిసినవారు మీలో ఎవరైనా ఉంటే దయచేసి వ్యాఖ్య వ్రాయండి. నా దగ్గర ఆ సీడీకి నకలు ఉన్నది, ఈసారి రెండు.